వద్దని చెప్పే కూడిక: అడా భాషలో అబ్‌స్ట్రాక్ట్ ఆపరేషన్ల నియమాలు

అందరికీ నమస్కారం.

ముందు ఒక చిన్న లెక్క. ఒక ఎకరం ముప్పై గుంటలు, ఒక ఎకరం ఇరవై గుంటలు. రెండూ కలిపితే ఎంత? తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లు ఈపాటికి మనసులో చెప్పేసుకుని ఉంటారు: మూడు ఎకరాల పది గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం. యాభై గుంటల్లో ఒక ఎకరం పోతే పది మిగులుతుంది. ఇప్పుడు గుంటలు తీసేసి సెంట్లు పెట్టండి. కోస్తాలో ఎవరినైనా అడగండి. ఒక ఎకరం ముప్పై సెంట్లు, ఒక ఎకరం ఇరవై సెంట్లు కలిపితే రెండెకరాల యాభై సెంట్లు. అక్కడ ఎకరానికి వంద సెంట్లు.

ఇప్పుడు ఈ రెండు లెక్కల్నీ కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు మనం ఏం చేస్తాం? ఎక్కువమంది 1.30 అని ఒక గడిలో, 1.20 అని ఇంకో గడిలో కొడతారు. అవే అంకెలు, అదే చుక్క, అదే కూడిక. కంప్యూటర్ 2.50 అంటుంది. ఒకచోట అది నిజం, ఇంకోచోట అబద్ధం.

చదువు అయిన కొత్తలో నేను ఇలాంటి ప్రోగ్రామ్ ఒకటి రాశాను. ఊళ్లో భూముల లెక్క పెట్టుకునే చిన్న రిజిస్టర్. గుంటల లెక్క. విస్తీర్ణాన్ని మామూలు దశాంశ సంఖ్యగా పెట్టాను. పరీక్ష కూడా చేశాను. 1.10కి 1.20 కలిపితే 2.30 వచ్చింది, సరిగ్గా ఉంది. 2.05కి 0.15 కలిపితే 2.20, అదీ సరిగ్గానే ఉంది. గుంటల మొత్తం నలభైకి చేరనంత వరకూ తప్పు బయటపడదు. నేను పరీక్షకు తీసుకున్న వాటిలో ఒక్కటీ నలభైకి చేరలేదు. తర్వాత ఎప్పుడో ఒక రైతు తన మొత్తం చూసి, ఇదేంటి బాబూ, రెండెకరాల యాభై గుంటలు అనేది ఎక్కడైనా ఉంటుందా అని అడిగాడు. ఇంకో చోట అయితే ఆ 2.50ని ఎవరో రెండున్నర ఎకరాలుగా చదివేశారు. నిజానికి ఉన్నది నూట ముప్పై గుంటలు, చదివింది వంద గుంటలు. ముప్పై గుంటలు మాయం. గుంటకు 121 చదరపు గజాల చొప్పున 3630 గజాల నేల.

ఆ తప్పు ఎక్కడుంది? కూడిక కోడ్‌లో లేదు. కూడిక తన పని తాను చేసింది. ఆ విలువల మీద కూడిక అనే పని అసలు ఉండకూడదు, ఉన్నా అది వేరే కూడిక అయి ఉండాలి, ఈ మాటను నేను ప్రోగ్రామ్‌లో ఎక్కడా చెప్పలేదు. తప్పు అక్కడ ఉంది. ఇవాళ నేను మాట్లాడబోయేది దాన్ని చెప్పే పద్ధతి గురించే.

టైప్ అంటే ఏమిటని అడిగితే మనలో చాలామంది మెమరీ గురించి చెబుతాం. ఇన్ని బైట్లు, ఇంత నుంచి ఇంత వరకు పడుతుంది అని. 1974లో బార్బరా లిస్కోవ్, స్టీఫెన్ జిల్లెస్ కలిసి రాసిన పరిశోధన పత్రంలో ఇంకో సమాధానం ఉంది. ఒక అబ్‌స్ట్రాక్ట్ డేటా టైప్‌ను నిర్వచించేది దాని మీద చేయగలిగిన ఆపరేషన్లేనని వాళ్లు చెప్పారు. లోపల అంకెలు ఎలా పేర్చావో బయటివాడికి అనవసరం, ఏం చేయనిస్తావో అదే ఆ టైప్. ఈ మాట అర్థమైతే మన గుంటల సమస్య సగం అర్థమైనట్టే. ఎకరాలు-గుంటలు, ఎకరాలు-సెంట్లు లోపల ఒకేలా కనిపించినా రెండు టైప్‌లు. ఎందుకంటే వాటి కూడికలు వేరు.

దీన్ని నేను అడా భాషలో చూపిస్తాను. ఈ గదిలో అడా రాసినవాళ్లు పెద్దగా ఉండరని నాకు తెలుసు. అయినా దాన్నే ఎంచుకున్నాను, ఎందుకంటే ఈ విషయంలో దాని నియమాలంత ఓపిగ్గా ఆలోచించి రాసిన నియమాలు నేను ఇంకెక్కడా చూడలేదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్తాను. 1970ల్లో అమెరికా రక్షణ శాఖలో ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో భాష అన్నట్టు ఉండేది. వాటన్నిటి బదులు ఒకటి కావాలని పోటీ పెట్టారు. నాలుగు బృందాలు పోటీ పడ్డాయి, పేర్ల బదులు రంగులు: ఆకుపచ్చ, ఎరుపు, నీలం, పసుపు. జీన్ ఇక్‌బియా నడిపిన ఆకుపచ్చ బృందం 1979లో గెలిచింది. భాషకు తొలి ప్రోగ్రామర్‌గా పేరున్న అడా లవ్‌లేస్ పేరు పెట్టారు. ఆమె పుట్టిన సంవత్సరం 1815, సైనిక ప్రమాణానికి ఇచ్చిన నంబరు కూడా 1815. అడా 83 అని పిలిచే ప్రమాణం 1983లో వచ్చింది. మనకు కావాల్సిన మాట మాత్రం తర్వాతిది. టకర్ టాఫ్ట్ నాయకత్వంలో తయారైన అడా 95లో వచ్చింది.

అడాలో ఉన్న టైప్ నుంచి కొత్త టైప్ పుట్టించడం చాలా తేలిక. ఒక వరుస చాలు. రెండు దశాంశ స్థానాలున్న సంఖ్య టైప్ ఒకటి ఉందనుకోండి. దాని నుంచి ఎకరగుంట అనే కొత్త టైప్ పుట్టిస్తాను. పుట్టిన క్షణం నుంచి ఇవి రెండు వేరు టైప్‌లు. ఒకదాన్ని ఇంకోదానితో కలపడానికి కంపైలర్, అంటే మన కోడ్‌ను నడిపే ముందే తనిఖీ చేసి యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్, ఒప్పుకోదు. ఎకరసెంటు అని ఇంకోటి పుట్టిస్తే ఎకరగుంటనీ ఎకరసెంటునీ కూడటం కుదరదు. సగం ప్రమాదం ఇక్కడే తప్పింది.

మిగతా సగం వారసత్వంలో ఉంది. కొత్త టైప్ తండ్రి దగ్గరున్న ఆపరేషన్లన్నీ వారసత్వంగా తెచ్చుకుంటుంది. కూడిక వచ్చింది, తీసివేత వచ్చింది, పూర్ణాంకంతో గుణకారం, భాగహారం వచ్చాయి, పెద్ద-చిన్న పోలికలు వచ్చాయి. అడక్కుండా వచ్చిన ఆస్తి. ఇందులో పోలికలు మనకు పనికొస్తాయి. గమనించండి, 1.30 కంటే 2.05 పెద్దది, గుంటల లెక్కలో కూడా పెద్దదే. ఎకరాలు ముందు, గుంటలు వెనక ఉన్నాయి కాబట్టి పోలిక చెడిపోదు. సమానమా కాదా అన్నదీ చెడిపోదు. చెడిపోయేవి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం. అంటే వచ్చిన ఆస్తిలో కొన్ని ఉంచుకోవాలి, కొన్ని వద్దనాలి.

అడా 83లో వద్దనే మార్గం సరిగ్గా ఉండేది కాదు. కూడికను మళ్లీ మీరే రాసి, దాని బాడీలో, అంటే లోపలి కోడ్‌లో, ఎర్రర్ లేవదీసేలా పెట్టొచ్చు. అప్పుడు తప్పు ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తెలుస్తుంది. అదీ ఆ వరుస దాకా నడిస్తేనే. అడా 95 దీనికి ఒక చిన్న మాట ఇచ్చింది. తెర మీద ఉన్న వరుసను చదువుతాను: ఫంక్షన్, కొటేషన్ గుర్తుల మధ్య ప్లస్, ఎడమ, కుడి రెండూ ఎకరగుంట, రిటర్న్ ఎకరగుంట, ఈజ్ అబ్‌స్ట్రాక్ట్. అంతే. బాడీ లేదు. పేరుంది, తీసుకునేవి, ఇచ్చేవి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. ఇక ఈ ప్రోగ్రామ్‌లో ఎవరు ఎక్కడ రెండు ఎకరగుంటలను ప్లస్‌తో కలిపినా కంపైల్ అవదు. రైతు వచ్చి అడిగేదాకా ఆగక్కర్లేదు.

అబ్‌స్ట్రాక్ట్ అనే మాట వినగానే మీకు జావా, సీ ప్లస్ ప్లస్ గుర్తొస్తాయి. పిల్లలు నింపాల్సిన ఖాళీ అన్న అర్థంలో. అడాలోనూ ఆ అర్థం ఉంది, దాని దగ్గరికి వస్తాను. కానీ మామూలు సంఖ్యల టైప్‌ల మీద, వారసత్వ వృక్షాలేవీ లేని చోట కూడా ఈ మాట వాడొచ్చన్నది అడా ప్రత్యేకత. అక్కడ దాని అర్థం నింపు అని కాదు, తీసేశాను అని.

తీసేయడానికి ఉన్న నియమాలు మూడు నాలుగు జాగ్రత్తగా చెబుతాను, అసలు విషయం వీటిలోనే ఉంది.

ఒకటి, ఈ నిరాకరణ కూడా వారసత్వంగా వెళుతుంది. ఎకరగుంట నుంచి మీరు మాగాణి-విస్తీర్ణం అని ఇంకో టైప్ పుట్టిస్తే, దానికీ కూడిక అబ్‌స్ట్రాక్ట్‌గానే వస్తుంది. మనవడికి తాత కూడిక దొడ్డిదారిన తిరిగి రాదు. కావాలంటే అక్కడ సరైన బాడీతో కూడికను కొత్తగా రాసుకోవచ్చు.

ఇంకొకటి అర్థం కావడానికి పొడవుల ఉదాహరణ తీసుకుందాం. పొడవు అనే టైప్‌ను ఫ్లోట్ అనే దశాంశ సంఖ్యల టైప్ నుంచి పుట్టించాను. దానితోపాటు ఒక గుణకారం వచ్చింది: పొడవును పొడవుతో గుణిస్తే పొడవు. ఇది అర్థం లేని మాట. ముప్పై గజాలను నలభై గజాలతో గుణిస్తే 1200 గజాల పొడవు రాదు, 1200 చదరపు గజాల స్థలం వస్తుంది. కాబట్టి ఆ గుణకారాన్ని అబ్‌స్ట్రాక్ట్ చేసి, పక్కనే వైశాల్యం ఇచ్చే గుణకారాన్ని నేను రాశాను. ఇప్పుడు ఒకే పేరుతో రెండు ఫంక్షన్లున్నాయి, ఇన్‌పుట్‌లు ఒకటే, తేడా ఇచ్చే ఫలితంలో. అడాలో ఇది కుదురుతుంది, ఏ ఫలితం కావాలో చుట్టూ ఉన్న సందర్భాన్ని బట్టి కంపైలర్ తేల్చుకుంటుంది.

సందర్భం తేల్చలేని చోట ఏమవుతుంది? పొడవును వెడల్పుతో గుణిస్తే 500 కంటే ఎక్కువా అని రాశాననుకోండి. 500 అన్నది పొడవూ కావచ్చు, వైశాల్యమూ కావచ్చు. అడా 95 కంపైలర్ రెండు గుణకారాలనూ బల్ల మీద పెట్టుకుని, ఏది కావాలో తెలియడం లేదు అని ఆగిపోయేది. చూడండి ఎంత అన్యాయమో. మనం తీసేశామని చెప్పిన ఫంక్షన్ వచ్చి, ఉన్న ఫంక్షన్ దారికి అడ్డం నిలబడింది. అడా 2005లో దీన్ని సరిదిద్దారు. పేరును తేల్చేటప్పుడు, డిస్పాచ్ కాని, అంటే నడిచేటప్పుడు విలువ టైప్‌ను చూసి బాడీని ఎంచుకునే రకం కాని, అబ్‌స్ట్రాక్ట్ ఫంక్షన్లను అసలు లెక్కలోకే తీసుకోకూడదని నియమం పెట్టారు. అప్పటి నుంచి ఆ వరుస హాయిగా కంపైల్ అవుతుంది. తీసేసింది నిజంగా తీసేసినట్టయింది.

ఇక్కడ కాసేపు సీ ప్లస్ ప్లస్ వైపు చూడాలి. 2011 ప్రమాణంలో వాళ్లు కూడా ఫంక్షన్‌ను డిలీట్ అని రాసే పద్ధతి తెచ్చారు. పైకి ఒకటే అనిపిస్తుంది. కానీ అక్కడ నియమం తలకిందులు. డిలీట్ చేసిన ఫంక్షన్ పోటీలో ఉంటుంది. కంపైలర్ దాన్నే ఎంచుకుంటే అప్పుడు ఎర్రర్ ఇస్తుంది. ఎవరు సరి, ఎవరు తప్పు? నేను చాలా కాలం అడా వైపే ఉండి, అవతలిది పొరపాటు అనుకున్నాను. తర్వాత అర్థమైంది. సీ ప్లస్ ప్లస్‌లో సంఖ్యలు అడగకుండానే ఒక టైప్ నుంచి ఇంకో టైప్‌కు మారిపోతాయి. పూర్ణాంకం తీసుకునే ఫంక్షన్‌కు మూడున్నర ఇస్తే, మూడుగా మార్చుకుని నడిచిపోతుంది. దాన్ని ఆపాలంటే దశాంశ సంఖ్య తీసుకునే ఫంక్షన్‌ను డిలీట్ చేసి, గుమ్మంలో కాపలాగా నిలబెట్టాలి. కాపలాదారు అక్కడ కనబడాలి, లేకపోతే లోపలికి పోతారు. అడాలో సంఖ్యలు తమంతట తాము మారవు కాబట్టి కాపలా అక్కర్లేదు, ఖాళీ చేస్తే చాలు. రెండు భాషలూ తమ తమ మిగతా నియమాలకు తగ్గట్టే నడిచాయి. ఒక నియమాన్ని దాని ఊరి నుంచి పెకలించి వేరే ఊళ్లో నాటి బాగోలేదనడం సరికాదని అప్పుడు తెలుసుకున్నాను.

జావా సంగతి మాత్రం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అక్కడ వారసత్వంగా వచ్చిన మెథడ్‌ను తీసేసే మార్గం లేదు. మార్చడానికి వీల్లేని లిస్ట్ మీద కూడా యాడ్ అనే మెథడ్ కనిపిస్తూనే ఉంటుంది, కంపైల్ అవుతుంది, నడిచేటప్పుడు ఈ ఆపరేషన్ లేదు అంటూ ఎక్సెప్షన్ విసురుతుంది. 1983 నాటి అడా వాళ్లు చేసిన పనే ఇది. మంచి మనసుతో చేసిన రూపకల్పనే, అన్ని రకాల లిస్ట్‌లకూ ఒకే ఇంటర్‌ఫేస్ ఉండాలని. దాని ధర మాత్రం ఆ ప్రోగ్రామ్ నడిపే మనిషి కడతాడు.

(సభలోంచి ఒక ప్రశ్న: "ఇన్ని ఆపరేషన్లు తీసేసే బదులు, టైప్‌నే ప్రైవేట్ చేసి కావాల్సినవి మాత్రం ఇస్తే సరిపోదా సార్?")

చాలా మంచి ప్రశ్న అమ్మా. సరిపోతుంది, చాలాసార్లు అదే మేలు. అడా వాళ్లే తమ క్యాలెండర్ ప్యాకేజీలో అలా చేశారు. అందులో టైమ్ అనేది ప్రైవేట్ టైప్. ఒక సమయంలోంచి ఇంకో సమయాన్ని తీసేయొచ్చు, మధ్య వ్యవధి వస్తుంది. సమయానికి వ్యవధిని కలపొచ్చు, కొత్త సమయం వస్తుంది. సమయానికి సమయాన్ని కలిపే కూడిక మాత్రం లేదు. ఉగాది తేదీలోంచి సంక్రాంతి తేదీ తీసేస్తే మధ్య ఎన్ని రోజులో తెలుస్తుంది. ఉగాదికి సంక్రాంతిని కలిపితే ఏం తెలుస్తుంది? ఏమీ లేదు, అందుకే ఆ ఫంక్షన్ లేదు. ప్రైవేట్ చేస్తే అన్నీ మూసేసి ఒక్కొక్కటే తెరుస్తారు. అబ్‌స్ట్రాక్ట్ అయితే అన్నీ తెరిచి ఉన్న ఇంట్లో కొన్ని తలుపులు మూస్తారు. సంఖ్యల్లాంటి టైప్‌లకు రెండోది సుఖం, ఎందుకంటే 1.30 అని నేరుగా రాసుకునే సౌకర్యం, పోలికలు, రేంజ్ తనిఖీలు అన్నీ అలాగే మిగులుతాయి.

పైగా రెండో పద్ధతిలో ఒక తలుపు సరిగ్గా మూసుకోదు, మీరు అడిగారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. జెనరిక్ ప్యాకేజీలు. ఏదైనా దశాంశ టైప్ ఇవ్వు, మొత్తం వేసి ఇస్తాను అనే జెనరిక్ రాశారనుకోండి. దానికి ఎకరగుంటను ఇచ్చారు. లోపల ఆ జెనరిక్ ప్లస్ వాడుతుంది. ఏ ప్లస్? మీరు తీసేసినది కాదు, పుట్టుకతో వచ్చిన పాతది! అడా నియమం ప్రకారం, ఫార్మల్ టైప్‌ను, అంటే బయటి నుంచి ఇవ్వబోయే టైప్‌కు జెనరిక్ పెట్టుకున్న పేరును, సంఖ్యా టైప్‌గా ప్రకటించిన జెనరిక్ లోపల, ముందే నిర్వచించి ఉన్న ఆపరేటర్లు మళ్లీ లేస్తాయి, మీరు వాటి మీద ఏం రాసినా సరే. 2.50 మళ్లీ వస్తుంది, ఒక్క హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు. దీనికి మందు, జెనరిక్‌ను ప్రైవేట్ టైప్‌తో రాసి, కూడిక ఫంక్షన్‌ను విడిగా అడిగించడం. అప్పుడు అబ్‌స్ట్రాక్ట్ కూడికను అక్కడ ఇవ్వబోతే కంపైలర్ పట్టుకుంటుంది. ఈ ఒక్క నియమం తెలియక అంతా భద్రం అనుకోవడం చాలా ప్రమాదం. దయచేసి రాసుకోండి.

ఇప్పుడు రెండో అర్థానికి వద్దాం, పిల్లలు నింపాల్సిన ఖాళీ.

అడా 95లో ట్యాగ్డ్ టైప్‌లు వచ్చాయి. ప్రతి విలువా తన మెడలో తన టైప్ పేరున్న చీటీ వేసుకుని తిరుగుతుంది. విస్తీర్ణం అనే అబ్‌స్ట్రాక్ట్ టైప్ పెట్టాను. దానికి గజాల్లో-చెప్పు అనే అబ్‌స్ట్రాక్ట్ ఆపరేషన్. దాని కింద ఎకరగుంట, ఎకరసెంటు; పేర్లు పాతవే అయినా ఈసారి ఇవి ట్యాగ్డ్ టైప్‌లు. గుంటల టైప్ 121తో గుణిస్తుంది, సెంట్ల టైప్ 48.4తో గుణిస్తుంది. రెండు వైపులా ఎకరం 4840 గజాలే, అందుకే గజం దగ్గర అందరూ కలుస్తారు.

ఇక్కడి నియమాలన్నీ ఒకే ఆలోచనలోంచి పుట్టాయి: బాడీ లేని ఆపరేషన్‌ను ఎప్పటికీ, ఏ దారిలోనూ, ఎవరూ నిజంగా పిలిచే పరిస్థితి రాకూడదు. ఆ ఒక్క హామీ ఇవ్వడానికి ఎన్ని సందులు మూయాలో చూడండి. అబ్‌స్ట్రాక్ట్ టైప్‌తో వేరియబుల్ చేయకూడదు. దాన్ని రికార్డులో ఒక భాగంగా పెట్టకూడదు. దానికి విలువ అసైన్ చేయకూడదు. ఒక ఫంక్షన్ అబ్‌స్ట్రాక్ట్ టైప్‌ను తిరిగిస్తే ఆ ఫంక్షన్ కూడా అబ్‌స్ట్రాక్ట్ అయి తీరాలి, లేకపోతే ఆ ఇచ్చే విలువ ఎక్కడి నుంచి పుడుతుంది? అబ్‌స్ట్రాక్ట్ కాని ట్యాగ్డ్ టైప్‌కు అబ్‌స్ట్రాక్ట్ ఆపరేషన్ ఒక్కటి కూడా మిగలకూడదు. ఎకరగుంట విలువను నువ్వు ఇప్పుడు విస్తీర్ణానివి అని బలవంతంగా తండ్రి చూపులో చూసి, తండ్రి ఆపరేషన్‌ను పిలవబోతే, అదీ కుదరదు. క్లాస్-వైడ్ టైప్‌లు, అంటే విస్తీర్ణం కుటుంబంలో ఎవరైనా సరే అనే టైప్‌లు, ఇవి అబ్‌స్ట్రాక్ట్ కావు. ఎందుకంటే అక్కడికి వచ్చే ప్రతి విలువకూ మెడలో నిజమైన టైప్ చీటీ ఉంటుంది, పిలుపు ఆ చీటీని బట్టి సరైన బాడీకి చేరుతుంది.

నాకు వీటిలో అన్నిటికన్నా నచ్చిన నియమం ప్రైవేట్ భాగం గురించి. ప్యాకేజీకి అందరికీ కనిపించే భాగం, కనిపించని భాగం రెండూ ఉంటాయి. కనిపించే భాగంలో అబ్‌స్ట్రాక్ట్ టైప్‌ను ప్రకటించి, కనిపించని భాగంలో దానికి కొత్తగా ఒక అబ్‌స్ట్రాక్ట్ ఆపరేషన్ పెట్టడాన్ని అడా నిషేధిస్తుంది. ఎందుకో ఆలోచించండి. బయట ఎక్కడో ఒకరు ఆ టైప్ నుంచి తమ టైప్ పుట్టిస్తారు. అన్ని ఖాళీలూ నింపాలి. కానీ ఈ ఖాళీ వాళ్లకు కనిపించనే కనిపించదు. కనిపించని దాన్ని ఎలా నింపుతారు? వాళ్లు చేయలేని పనిని వాళ్ల మీద పెట్టి, చేయలేదని ఎర్రర్ ఇవ్వడం న్యాయం కాదు. అందుకే తప్పు చేసే వీలు పెట్టినవాడినే ముందు ఆపుతారు. నియమాలు రాసినవాళ్లు తమ ఎదుట లేని ప్రోగ్రామర్ గురించి కూడా ఆలోచించారు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

విలువను తిరిగిచ్చే ఫంక్షన్ల విషయంలో ఇంకో జాగ్రత్త. ఎకరగుంటకు సున్నా-ఇవ్వు అనే ఫంక్షన్ ఉంది, బాడీతో సహా. దాని నుంచి సర్వే నంబరు కలిపి సర్వే-విస్తీర్ణం అని పుట్టించాను. తండ్రి సున్నా-ఇవ్వు వారసత్వంగా వస్తే అది సర్వే నంబరు లేని సున్నాను ఇస్తుంది. సగం మనిషి. అందుకే ఇక్కడ తండ్రికి బాడీ ఉన్నా సరే, పిల్ల తప్పనిసరిగా మళ్లీ రాయాలి. పిల్ల కొత్తగా ఏమీ కలపకపోతే మాత్రం అక్కర్లేదని అడా 2005 సడలింపు ఇచ్చింది. కలిపిందేమీ లేనప్పుడు తండ్రి విలువే పూర్తి విలువ కదా.

మరి కుటుంబం పేరు మీద ఒక గుంటల విలువను, ఒక సెంట్ల విలువను తెచ్చి కూడికకు ఇస్తే? కంపైలర్‌కు చీటీలు కనిపించవు, నడిచేటప్పుడే కనిపిస్తాయి. అప్పుడు రెండు చీటీలూ ఒకటేనా అని తనిఖీ జరుగుతుంది. కాకపోతే కన్‌స్ట్రెయింట్ ఎర్రర్. సమానమా అని అడిగితే మాత్రం ఎర్రర్ ఇవ్వదు, కాదు అని జవాబిస్తుంది. వేర్వేరు టైప్‌లవాళ్లు సమానం కారన్నది తప్పు కాదు, జవాబే.

ఇంత చెప్పాక, ఈ నియమాల శక్తి ఎక్కడ ఆగిపోతుందో చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి లేచింది. 40 సెకన్లు కూడా సాఫీగా సాగలేదు, దారి తప్పి పేలిపోయింది. దాని దిశ, వేగం చెప్పే పరికరంలోని సాఫ్ట్‌వేర్ రాసింది అడాలోనే. 64 బిట్ల దశాంశ విలువ ఒకదాన్ని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అది పట్టలేదు. అలాంటి మార్పిడులు ఏడు ఉంటే నాలుగింటికి రక్షణ పెట్టారు, మూడింటికి పెట్టలేదు. ఏరియన్ 4 దారిలో ఆ విలువ అంత పెరగదని లెక్క. ఏరియన్ 5 దారి వేరు. టైప్‌లు వేరని భాషకు తెలుసు, అందుకే మార్పిడిని స్పష్టంగా రాయించింది. కానీ మార్పిడి రాయడమంటే నాకు తెలుసు, ఇది పడుతుంది అని మనిషి పూచీ పడటం. ఆ పూచీ నిజమా కాదా అన్నది నియమం చూడలేదు.

ఇంకోటి నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, 1999 సెప్టెంబర్ 23. ఒక ప్రోగ్రామ్ పౌండ్-సెకన్లలో ఫైలు రాసింది, ఇంకో ప్రోగ్రామ్ దాన్ని న్యూటన్-సెకన్లుగా చదివింది. తేడా 4.45 రెట్లు. నౌక అంగారకుడికి మరీ దగ్గరగా వెళ్లి, దక్కకుండా పోయింది. టైప్‌లు ఉంటే ఇది జరిగేది కాదని చాలామంది అంటారు. నేను అంత తేలిగ్గా అనలేను. ఫైలులోకి దిగగానే టైప్ రాలిపోతుంది, ఉత్త అంకెలు మిగులుతాయి. మన 1.30 లాగే. ఫైలు చదివే చోట, ఇవి ఏ అంకెలు అని అడిగి, సరైన టైప్ తొడిగే ఒకే ఒక్క ఫంక్షన్ ఉండాలి. దాన్ని ఇద్దరు కూర్చుని చదవాలి.

చివరగా, ఆ రిజిస్టర్ సంగతి చెప్పి ఆపుతాను. అది అడాలో రాసింది కాదు. చాలా ఏళ్లకు అడా నేర్చుకున్నప్పుడు, మొదటి అభ్యాసంగా దాన్నే తిరగరాశాను. నాట్ అనే అడా కంపైలర్ ఉచితం, జీసీసీ అనే కంపైలర్ల సంకలనంలో భాగం, మీరూ ఇవాళ రాత్రి దింపుకోవచ్చు. పాత కోడ్‌ను వరుస వరుసగా మార్చి, విస్తీర్ణాలకు ఎకరగుంట టైప్ పెట్టి, ముందు కూడిక, తీసివేతలను అబ్‌స్ట్రాక్ట్ చేశాను. మొత్తాలు వేసే చోటల్లా ఎర్రర్లు వచ్చాయి. అవి నేను ఊహించినవే, రైతు చెప్పాక పాత ప్రోగ్రామ్‌లో కూడా వాటిని సరిచేశాను. తర్వాత పూర్ణాంకంతో గుణకారం, భాగహారం కూడా తీసేశాను. అప్పుడు ఇంకో ఎర్రర్ వచ్చింది, నేను ఎదురుచూడని చోట. వాటాల పేజీ. తండ్రి పేరు మీదున్న భూమిని అన్నదమ్ముల సంఖ్యతో భాగించే వరుస. మూడు ఎకరాల పది గుంటలు, ఇద్దరు అన్నదమ్ములు. నూట ముప్పై గుంటల్లో సగం అరవై ఐదు, అంటే తలా ఒక ఎకరం ఇరవై ఐదు గుంటలు. నా పాత ప్రోగ్రామ్ అదే చోట 3.10ని రెండుతో భాగించి 1.55 అని ఇచ్చేది. కూడిక సరిచేసిన రోజున ఆ వరుస వైపు నేను చూడనేలేదు, ఎవరూ అడగనూ లేదు. ఆ పేజీ నుంచి అచ్చేసిన కాగితం ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది, వెనక వరుసలోవాళ్లకు కూడా కనిపించేలా తెర మీద పెడతాను.